మోడల్ పట్టాకూ అసలు పట్టాకూ ఎక్కడ పొంతన, ఎక్కడ తేడా

మీరు అడిగిన విషయం ఇది. కాజీపేట–విజయవాడ మార్గంలోని ఒక స్టేషన్‌ను హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, చేయాలనుకుంటున్నారు. మీరు కొన్న పట్టా గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 16.5 మి.మీ.; పెట్టెలో వచ్చిన వంపు ముక్కల వ్యాసార్ధం 360 మి.మీ. ఈ పట్టాకు మన రైల్వే పట్టాతో ఎంతవరకు సంబంధం ఉంది, వంపుల్లో బయటి పట్టాను ఎత్తాలా, కంకర నిజంగా అవసరమా అన్నవి మీ సందేహాలు. రైలు పట్టాల నిర్వహణ చూసే పర్మనెంట్ వే విభాగంలో ఉద్యోగం చేసి, ఇంట్లో చాలాకాలంగా చిన్న పట్టాలు పరుస్తున్నవాడిగా నా అభిప్రాయం కొంచెం వివరంగానే చెబుతాను.

అన్నిటికీ మూలమైన సంగతి ఒకటుంది. 1:87 స్కేలులో పొడవు 87వ వంతుకు తగ్గుతుంది కాని, బరువు 87ను మూడుసార్లు హెచ్చించిన సంఖ్యతో, అంటే 6,58,503తో, భాగించినంతగా తగ్గుతుంది. గురుత్వాకర్షణ మాత్రం తగ్గదు, గది ఉష్ణోగ్రత తగ్గదు, గాలిలోని తేమ తగ్గదు. 123 టన్నుల డబ్ల్యూఏపీ–7 ఇంజను ఈ లెక్కన 187 గ్రాములు మాత్రమే తూగాలి. అందువల్ల అసలు పట్టా నియమాల్లో చక్రానికి దారి చూపడం కోసం పుట్టినవాటిని మోడల్‌లో తు.చ. తప్పకుండా పాటించాలి. బరువును మోయడం కోసం పుట్టినవాటిని కంటికి ఇంపుగా ఉండే మేరకు ఉంచుకుంటే చాలు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కంకర రంగు కోసం నెలలు వెచ్చిస్తారు, వంపు మొదలయ్యే చోట పట్టా విరుపును మాత్రం పట్టించుకోరు.

ముందు గేజ్ చూద్దాం. 16.5ను 87తో హెచ్చిస్తే 1435 మి.మీ. వస్తుంది. అది ఐరోపా, అమెరికా, చైనాల్లో వాడే స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., అంటే ఐదడుగుల ఆరంగుళాలు. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. రావాలి. కాబట్టి మీ పట్టా దాదాపు 2.8 మి.మీ. ఇరుకు. పక్కనుంచి చూస్తే ఈ తేడా తెలియదు కాని, స్టేషన్ చివర నిలబడి పట్టాల వెంట చూసినట్టు ఫొటో తీస్తే, మన రైలు పెట్టె ఇరుకైన పట్టాల మీద నిలబడినట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ రాజీ మనకొక్కరికే పట్టలేదు. బ్రిటిష్ ఇంజన్లు ఐరోపా ఇంజన్ల కంటే చిన్నవి కావడంతో, అప్పటి మోటార్లు వాటి 1:87 నమూనాల్లో పట్టలేదు. అందుకని అక్కడి తయారీదారులు బండిని అడుగుకు నాలుగు మి.మీ. చొప్పున, అంటే 1:76.2 నిష్పత్తిలో పెంచి, పట్టాను 16.5 దగ్గరే ఉంచేశారు. అదే ఓఓ స్కేలు. ఆ లెక్కన వాళ్ల పట్టా నాలుగడుగుల ఒకటిన్నర అంగుళం మాత్రమే అవుతుంది. అది భరించలేనివారు 18.2 మి.మీ. గేజ్‌తో ఈఎం, 18.83 మి.మీ.తో పీ4 అనే పద్ధతులను ఏర్పరచుకున్నారు. వాటిలో పట్టాను, చక్రాలను చాలావరకు చేత్తో చేసుకోవలసి వస్తుంది.

మన బ్రాడ్ గేజ్‌కు ఒక చక్కని దారి ఉంది కాని, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. అడుగుకు మూడు మి.మీ. చొప్పున తీసుకుంటే, ఐదున్నర అడుగులకు సరిగ్గా 16.5 మి.మీ. వస్తుంది. 1:101.6 అనే ఈ స్కేలు ఊహించినది కాదు. 1957 నుంచి బ్రిటన్‌లో ట్రైయాంగ్ సంస్థ టీటీ పేరుతో అమ్మిన రైళ్లు ఈ స్కేలువే. బండ్ల పైభాగాలను మీరే గీసి త్రీడీ ప్రింటర్‌తో తీయించుకోగలిగితే, బజారులో దొరికే 16.5 మి.మీ. పట్టా మీద గేజ్ తప్పని భారతీయ రైలు నడుస్తుంది. స్లీపర్ల, అంటే పట్టాల కింది అడ్డ దిమ్మెల, కొలత కొంత తేడాగా ఉంటుంది, అది దిద్దుకోగలిగినదే. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ఈ మార్గాన్నే సూచిస్తాను. ఇప్పటికే హెచ్‌ఓ బండ్లు కొనివుంటే మాత్రం 16.5తోనే ఉండి, గేజ్ తేడా గురించి బాధపడడం మానేయడం మంచిది. ఒకవేళ ఎప్పుడైనా హైదరాబాద్ మెట్రో చేయాలనిపిస్తే, అది స్టాండర్డ్ గేజ్ కాబట్టి హెచ్‌ఓ పట్టా దానికి అచ్చంగా సరిపోతుంది.

పట్టా ఎత్తు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మోడల్ పట్టాకు చెప్పే కోడ్ సంఖ్య దాని ఎత్తును అంగుళంలో వెయ్యో వంతుల్లో తెలుపుతుంది. కోడ్ 100 పట్టా 2.54 మి.మీ.; 87తో హెచ్చిస్తే 221 మి.మీ. అవుతుంది. మీటరుకు 60 కిలోలు తూగే మన పట్టా ఎత్తు 172 మి.మీ., 52 కిలోల పట్టా ఎత్తు 156 మి.మీ. మాత్రమే. కోడ్ 75 తీసుకుంటే 166 మి.మీ.తో మెయిన్ లైనుకు బాగా దగ్గరగా ఉంటుంది. కోడ్ 70 దొరికితే లూప్ లైన్లకు, అంటే స్టేషన్‌లో బండ్లు ఆగే పక్క లైన్లకు, వాడవచ్చు. స్లీపర్లు కిలోమీటరుకు 1660 చొప్పున ఉంటే వాటి మధ్య దూరం సుమారు 60 సెం.మీ., అంటే మోడల్‌లో 6.9 మి.మీ. 2750 మి.మీ. స్లీపరు 31.6 మి.మీ. పొడవు రావాలి. ఇరుకు గేజ్ పట్టా మీద ఇంత పొడవు స్లీపరు పెడితే చివరలు ఎక్కువగా బయటికి పొడుచుకొస్తాయి కనుక, అక్కడ కొలబద్ద కంటే కంటినే నమ్మడం మేలు.

చక్రం దగ్గర అసలు కథ మొదలవుతుంది. మన బ్రాడ్ గేజ్ బండిలో రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1600 మి.మీ.; కొత్త చక్రానికి పట్టాకు మధ్య రెండు వైపులా కలిపి ఉండే సందు సుమారు 19 మి.మీ. చక్రం 20కి 1 వాలుతో శంకువు ఆకారంలో ఉంటుంది, పట్టాను కూడా అదే వాలులో లోపలికి వంచి పరుస్తారు. ఇరుసు పక్కకు జరిగితే, ఒక చక్రం పెద్ద చుట్టుకొలత మీద, రెండోది చిన్న చుట్టుకొలత మీద దొర్లి, ఇరుసు తనంతట తానే మధ్యకు వస్తుంది. మామూలు పరిస్థితుల్లో బండిని దారిలో పెట్టేది ఈ వాలే. చక్రం లోపలి వైపు పొడుచుకొచ్చే అంచు, అంటే ఫ్లాంజ్, పదునైన వంపుల్లోనూ, ఒక లైను రెండుగా చీలే పాయింట్ల దగ్గరా అక్కరకొచ్చే చివరి రక్షణ.

మోడల్‌లో అంచే మొదటి రక్షణ అవుతుంది. ఆర్‌పీ–25 అనే మోడల్ చక్రాల ప్రమాణంలో ఎక్కువగా వాడే కోడ్ 110 చక్రానికి కూడా మూడు డిగ్రీల వాలు ఉంది, కాని వంపులు మరీ పదునుగా ఉండటం వల్ల ఆ వాలు చేసే సహాయం వెంటనే అయిపోతుంది. ఈ చక్రం వెడల్పు 2.8 మి.మీ.; నిజం చక్రం వెడల్పు 127 మి.మీ. కాబట్టి స్కేలు ప్రకారం 1.46 ఉండాలి. అంచు లోతు 0.63 మి.మీ., అంటే నిజంలో 55 మి.మీ.కు సమానం, మన కొత్త చక్రానికి ఉండేది 28.5 మాత్రమే. అంచు మందం కూడా ఇలాగే ఎక్కువ కావడం వల్ల చక్రాల లోపలి ముఖాల మధ్య దూరాన్ని 14.4 మి.మీ. దగ్గర ఉంచవలసి వస్తుంది. స్టాండర్డ్ గేజ్ బండ్లలోని 1360 మి.మీ.ను స్కేలుకు తగ్గిస్తే 15.6 రావాలి. ఈ 1.2 మి.మీ. తేడాయే పాయింట్ల దగ్గర మనకు ఎదురయ్యే ఇబ్బందులన్నిటికీ మూలం. బండి పట్టా తప్పిందంటే పట్టాను తిట్టుకునే ముందు ఆ ఇరుసును తీసి, చక్రాల మధ్య దూరాన్ని కొలవండి.

ఇక వంపులు. మన బ్రాడ్ గేజ్‌లో అనుమతించిన అతి పదునైన వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. హెచ్‌ఓలో అది రెండు మీటర్లు. మెయిన్ లైనులో 2 డిగ్రీల వంపు 875 మీటర్లు, మోడల్‌లో పది మీటర్లు. అంత స్థలం ఎవరి ఇంట్లోనూ ఉండదు. మీ పెట్టెలోని 360 మి.మీ. ముక్క 31 మీటర్ల వ్యాసార్ధానికి సమానం. 762 మి.మీ. గేజ్ ఉన్న కాల్కా–సిమ్లా కొండ రైలు మార్గంలో అతి పదునైన వంపు 37 మీటర్ల పైచిలుకు. అంటే ఆ చిన్న బండ్లు తిరిగే దానికన్నా పదునైన మలుపులో మీరు 21 మీటర్ల ఐసీఎఫ్ (పాత రకం ప్రయాణికుల) పెట్టెలను తిప్పబోతున్నారన్నమాట.

దాని ఫలితాన్ని లెక్కవేసి చూడవచ్చు. పెట్టె కింద రెండు చివర్లా ఉండే చక్రాల చట్రాల, అంటే బోగీల, మధ్య దూరాన్ని దానితోనే హెచ్చించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే, పెట్టె నడుము వంపు లోపలికి ఎంత జరుగుతుందో వస్తుంది. ఐసీఎఫ్ పెట్టెలో ఆ దూరం 14.8 మీటర్లు. 175 మీటర్ల వంపులో పెట్టె నడుము సుమారు 16 సెం.మీ. జరుగుతుంది. 31 మీటర్ల వంపులో 87 సెం.మీ. జరుగుతుంది, అంటే మోడల్‌లో పది మి.మీ. పక్క లైనులోని బండిని గీసుకోకుండా ఉండాలనే తయారీదారులు జంట పట్టాల మధ్య ఎడం 60 మి.మీ. పైన ఉంచుతారు. మీకు స్థలం ఉంటే కనిపించే వంపులను 900 మి.మీ.కు తగ్గకుండా పెట్టండి. అప్పుడు నడుము జరుగుడు నాలుగు మి.మీ. దగ్గర ఆగుతుంది. సొరంగంలోనో గోడ వెనకో దాగిన వంపులకు 600 వరకు దిగవచ్చు. 360 ముక్కలను ఇంకా పొడవైన, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెల కోసం వాడవద్దని నా గట్టి సలహా.

వ్యాసార్ధం కన్నా నేను ఎక్కువ పట్టుపట్టేది ట్రాన్సిషన్ గురించి. నిజం రైల్వేలో తిన్నని దారి నుంచి వంపులోకి ఒక్కసారిగా వెళ్లనివ్వరు. వంపు పదును సున్నా నుంచి క్రమంగా పెరిగేలా ఘనపు పరవలయం ఆకారంలో ఒక భాగాన్ని కలుపుతారు. దాన్ని ఇమడ్చడానికి అసలు వంపును కొద్దిగా లోపలికి జరపాలి. ఎంత జరపాలంటే, ట్రాన్సిషన్ పొడవును దానితోనే హెచ్చించి, వ్యాసార్ధానికి 24 రెట్లతో భాగించాలి. ఈ సూత్రం మోడల్‌కు ఏ మార్పూ లేకుండా పనిచేస్తుంది. 900 మి.మీ. వంపుకు 400 మి.మీ. ట్రాన్సిషన్ ఇస్తే జరపవలసింది 7.4 మి.మీ. బల్ల మీద తిన్నని గీతను, 7.4 మి.మీ. లోపలికి జరిపిన వంపును గీసి, వాటి మధ్య ఒక సన్నని చెక్క బద్దను వంచి పెడితే, అది తన సహజ గుణంతోనే కావలసిన ఆకారానికి చాలా దగ్గరగా వంగుతుంది. ఆ బద్ద వెంట పెన్సిలుతో గీసుకోండి. పెట్టెలో వచ్చే గట్టి ముక్కలతో ఇది సాధ్యం కాదు కనుక, వంగే పట్టాను, అంటే ఫ్లెక్స్ ట్రాక్‌ను, కొనండి.

పరిచాక సరిచూడటానికి మా విభాగంలో వాడే పద్ధతినే వాడండి. మేము వంపులో 20 మీటర్ల దారాన్ని పట్టాకు ఆనించి, మధ్యలో దారానికీ పట్టాకూ ఉన్న ఎడాన్ని, అంటే వెర్సైన్‌ను, కొలుస్తాం. 875 మీటర్ల వంపులో అది 57 మి.మీ. రావాలి. ప్రతి పది మీటర్లకూ ఈ కొలత తీస్తూ పోతే, అంకెలు ఎక్కడ ఎగుడుదిగుడుగా ఉన్నాయో అక్కడే బండి కుదుపు ఇస్తుంది. మీరు 200 మి.మీ. ఉక్కు స్కేలు అంచును పట్టాకు ఆనించి కొలవండి. 900 వంపులో మధ్య ఎడం 5.6 మి.మీ. ఉండాలి. ప్రతి 100 మి.మీ.కు కొలిచి కాగితం మీద రాసుకోండి. ఒక చోటుకూ పక్క చోటుకూ అర మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే, దాదాపు ప్రతిసారీ అక్కడ ఒక అతుకు ఉంటుంది.

బయటి పట్టాను ఎత్తాలా అన్న మీ ప్రశ్నకు సమాధానం ఇది. నిజం రైల్వేలో 875 మీటర్ల వంపును 100 కి.మీ. వేగంతో దాటే బండి మీద పనిచేసే పక్కబలం దాని బరువులో సుమారు పదకొండో వంతు. దాన్ని పూర్తిగా సరితూచాలంటే బయటి పట్టాను 157 మి.మీ. ఎత్తాలి, 75 మి.మీ. లోటును అనుమతిస్తారు కాబట్టి సుమారు 82తో సరిపెట్టవచ్చు. మోడల్ బండిని స్కేలు ప్రకారం సెకనుకు 32 సెం.మీ. వేగంతో 900 మి.మీ. వంపులో నడిపితే, వంపు అంత పదునుగా ఉన్నా, పక్కబలం బరువులో 86వ వంతే. దాన్ని సరితూచడానికి 0.2 మి.మీ. ఎత్తు చాలు. అంటే మోడల్‌లో క్యాంట్ (బయటి పట్టాను ఎత్తడం) అవసరం యాంత్రికంగా లేదు. పైగా అది హాని చేయగలదు. పొడవైన బండిని లాగుతున్నప్పుడు వంపులో పెట్టెల మీద లోపలి వైపుకు లాగుడు పడుతుంది. బయటి పట్టా ఎత్తుగా ఉంటే తేలికైన పెట్టెలు లోపలికి ఒరిగిపోతాయి. అయినా వంపులో ఒరిగి వస్తున్న రైలు అందం వేరు, ఆ కోరికను నేను కాదనను. కోరుకుంటే స్లీపర్ల బయటి చివరల కింద సన్నని కాగితపు పట్టీలు పెట్టి, ఒక మి.మీ. దాటకుండా, ట్రాన్సిషన్ పొడవంతా క్రమంగా ఎత్తండి.

క్రమంగా అని నొక్కి చెప్పడానికి కారణం ట్విస్ట్, అంటే ఒక పట్టాతో పోలిస్తే రెండో పట్టా ఎత్తు కొద్ది దూరంలోనే మారిపోవడం. నిజం వ్యాగన్‌కు స్ప్రింగులు ఉంటాయి, బరువు చక్రాన్ని కిందికి అదుముతుంది. మోడల్ వ్యాగన్ చట్రం గట్టిది, బరువు గ్రాముల్లో ఉంటుంది. 60 మి.మీ. దూరంలో ఒక పట్టా 0.6 మి.మీ. దిగితే, నాలుగో చక్రం గాలిలో ఉంటుంది, దాని అంచు పట్టా తలను దాటేస్తుంది. బల్ల అతుకుల దగ్గర, వంతెన రెండు చివర్లా, క్యాంట్ మొదలయ్యే చోటా చిన్న లెవెల్ పెట్టి చూడటం తప్పనిసరి.

కంకర విషయంలో అసలుకూ నకలుకూ ఉన్న తేడా పూర్తిగా ఎదురెదురుగా ఉంటుంది. నిజం పట్టా కింద 65 మి.మీ. వరకు పరిమాణం ఉన్న కంకర ఇరుసు బరువును నేల మీద పరుస్తుంది, నీటిని పోనిస్తుంది, స్లీపరును పక్కకు కదలనివ్వదు. అవసరమైనప్పుడు మళ్లీ సర్దడానికి వీలుగా విడిగానే ఉండాలి, మట్టి చేరి గట్టిపడితే అది జబ్బుపడినట్టే. మోడల్‌లో కంకర ఏమీ మోయదు. దాన్ని నీళ్లు కలిపిన జిగురుతో గట్టిపరచడమే పద్ధతి. గింజ పరిమాణం 0.75 మి.మీ. మించకుండా చూడండి, బజారులో అమ్మేవి చాలావరకు దీనికన్నా పెద్దవి, వాటితో పట్టా పక్కన బండరాళ్లు పోసినట్టుంటుంది. పాయింట్ల కదిలే భాగాల దగ్గరకు మాత్రం జిగురును రానివ్వకండి.

ఉష్ణోగ్రత స్కేలుకు లొంగదని ముందే చెప్పాను. మన వేసవిలో పట్టా వేడి 60 డిగ్రీలు దాటుతుంది. అతుకులు లేని పొడవైన పట్టాలో రెండు చివర్ల దాదాపు వందేసి మీటర్లు మాత్రమే కదులుతాయి. మధ్య భాగాన్ని స్లీపర్లు, కంకర పట్టి ఉంచుతాయి. 30 డిగ్రీల మార్పుకు ఒక్కో 60 కిలోల పట్టాలో 50 టన్నులకు పైగా బలం బిగుసుకొని ఉంటుంది. మోడల్‌లో నికెల్ సిల్వర్ పట్టా ఐదు మీటర్లకు 25 డిగ్రీల మార్పుతో రెండు మి.మీ. పెరుగుతుంది. దానికంటే పెద్ద శత్రువు బల్ల. విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల వానాకాలపు తేమకు ప్లైవుడ్ ఉబ్బి, ఎండలకు కుంచించుకుపోతుంది. పట్టా దానికి వ్యతిరేక దిశలో పెరిగి విల్లులా వంగుతుంది. బల్లకు రెండు వైపులా, అంచులకూ వార్నిష్ వేయండి. చల్లని ఉదయం పరుస్తుంటే ప్రతి అతుకులో అర మి.మీ. సందు ఉంచండి, మే నెల మధ్యాహ్నం పరుస్తుంటే సందు అక్కరలేదు. నిజం పట్టాకు ఫిష్ ప్లేట్లు (రెండు పట్టాలను కలిపే ఇనుప పలకలు) వేసేటప్పుడు సందును నిర్ణయించేదీ ఇలాగే, ఆనాటి పట్టా ఉష్ణోగ్రతను బట్టే.

పాయింట్ల దగ్గర స్థలం గురించి నిజాయితీగా ఆలోచించాలి. మన స్టేషన్లలో ప్రయాణికుల బండ్లు వెళ్లే చోట 12కి 1 పాయింట్లు ఉంటాయి. వాటి కోణం ఐదు డిగ్రీల కన్నా తక్కువ, వ్యాసార్ధం 441 మీటర్లు, మొత్తం పొడవు దాదాపు 40 మీటర్లు; అంటే హెచ్‌ఓలో 46 సెం.మీ. ఎక్కువగా దొరికే పీకో కంపెనీ పాయింట్లలో చిన్నదానికీ పెద్దదానికీ క్రాసింగ్ కోణం, అంటే రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటి కోణం, 12 డిగ్రీలే, అది 4.7కు 1 అవుతుంది. వాటిలో 1524 మి.మీ. వ్యాసార్ధం ఉన్న పెద్దదాన్నే మెయిన్ లైనులో వాడండి. క్రాసింగ్ దగ్గర చక్రాన్ని దారిలో ఉంచే పక్క పట్టా, అంటే చెక్ రైల్, సందు నిజంలో 44 నుంచి 48 మి.మీ., స్కేలు ప్రకారం అర మి.మీ.; మోడల్‌లో మందమైన అంచుల కోసం అది రెట్టింపు దాటుతుంది. క్రాసింగ్‌లో ఇలా ఏర్పడే పెద్ద ఖాళీని దాటడానికే చక్రం వెడల్పుగా ఉంది. అందుకే అందం కోసం సన్నని చక్రాలు కొని, మామూలు పాయింట్ల మీద నడిపితే, అవి ఖాళీలో పడి ఎగురుతాయి. చక్రం, పాయింటు ఒకే ప్రమాణానికి చెందాలి, మధ్యేమార్గం లేదు.

లూప్ లైను పొడవు కూడా చూసుకోండి. పూర్తి గూడ్సు నిలిచే లూప్ 686 మీటర్లు, మోడల్‌లో 7.9 మీటర్లు. మీ గదిలో అది పట్టదు కనుక, ఎనిమిది పెట్టెల బండికి సరిపడా కుదించండి; పాయింట్లను మాత్రం కుదించకండి. లూప్ పొట్టిగా ఉంటే ఎవరికీ తెలియదు, పాయింట్ల మీద మెలికలు తిరిగే రైలును మాత్రం అందరూ గమనిస్తారు.

విద్యుత్తు గురించి మీరు అడగలేదు, కాని అసలుకూ నకలుకూ అతి దగ్గర చుట్టరికం అక్కడే ఉంది. పట్టా మీద బండి ఉందో లేదో కనిపెట్టే నిజం ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల ద్వారా కొద్దిపాటి కరెంటు ఒక రిలేకు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌కు, చేరుతుంది. బండి ఇరుసు రెండు పట్టాలను కలిపేయగానే ఆ రిలే పడిపోయి సిగ్నల్ ఎరుపుకు మారుతుంది. పట్టా విరిగినా తీగ తెగినా అదే జరుగుతుంది, అంటే లోపం ఎప్పుడూ భద్రత వైపే ఉంటుంది. జర్మన్ కంపెనీ మార్క్‌లిన్ వాడే మూడు పట్టాల పద్ధతిలో చక్రాలకు ఇన్సులేషన్ ఉండదు కనుక, ఒక పట్టాను వేరుచేసి అచ్చం ఇదే సూత్రంతో బండి ఉనికిని కనిపెట్టవచ్చు. మీ రెండు పట్టాల పద్ధతిలో పట్టాలే మోటారుకు కరెంటు ఇస్తాయి కాబట్టి, ఇరుసు వాటిని కలిపితే షార్ట్ అవుతుంది. అందుకే ఒక చక్రానికి ఇన్సులేషన్ పెడతారు. బండి తీసుకునే కరెంటును గమనించే సర్క్యూట్‌తో ఉనికిని తెలుసుకుంటారు. పెట్టెలకు ఇరుసు మీద చిన్న రెసిస్టర్ అంటిస్తే ఇంజను లేని పెట్టె కూడా సర్క్యూట్‌కు కనిపిస్తుంది.

సిగ్నల్ తర్కానికి పరిమాణంతో పనిలేదు. ఏ పాయింటు ఎటు ఉంటే ఏ సిగ్నల్ రావచ్చన్నది 87 వంతులు తగ్గినా మారదు. రైల్వేలు స్వయంగా మోడళ్ల మీద శిక్షణ ఇచ్చింది ఈ ఒక్క ధైర్యంతోనే. ఇంగ్లండ్‌లో లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే 1912లో మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్‌లో సిగ్నల్ సిబ్బందికి నేర్పడానికి కట్టించిన నమూనా రైలుమార్గం ఇప్పటికీ యార్క్ నేషనల్ రైల్వే మ్యూజియంలో ఉంది. కాబట్టి పట్టాలు బల్లకు అంటించే ముందే మీ స్టేషన్ సిగ్నల్ ప్లాన్‌ను కాగితం మీద గీసి, కరెంటును ఆపే ప్లాస్టిక్ అతుకులు ఎక్కడెక్కడ రావాలో గుర్తులు పెట్టుకోండి. కంకర గట్టిపడ్డాక పట్టాను కోయడం చాలా కష్టం.